హెచ్‌సీజీ: గర్భానికీ సాక్షి, వ్యాధికీ సాక్షి

గర్భం నిలిచిన కొద్ది రోజులకే, మాయగా రూపొందే కణాలు ఒక హార్మోనును తయారు చేస్తాయి. దాని పేరు హెచ్‌సీజీ. మందుల షాపులో మనం కొనే పరీక్ష పట్టీ మీద రెండో గీత పడేది మూత్రంలో ఈ హార్మోను ఉన్నందువల్లే. 1920ల చివర బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే శాస్త్రవేత్తలు ఇదే విషయం తెలుసుకోవడానికి చిట్టెలుకలకు మూత్రం ఎక్కించి, కొన్ని రోజులు ఆగి, వాటి అండాశయాలను పరీక్షించాల్సి వచ్చేది.

అయితే హెచ్‌సీజీ కనిపించినంత మాత్రాన కడుపులో బిడ్డ ఉందని కాదు. ముత్యాల గర్భంలో మాయ నీటి బుడగల గుత్తిలా పెరుగుతుంది. దాన్ని తీసేశాక కూడా కొందరిలో మిగిలిన కణాలు క్యాన్సరుగా మారవచ్చు. ఒకప్పుడు శరీరమంతా పాకిన ఆ క్యాన్సరుకు చావే గతి. 1956లో అమెరికాలోని బెథెస్డాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్ మందుతో దాన్ని లొంగదీశారు. గడ్డ కనబడకపోయినా హెచ్‌సీజీ మిగిలి ఉంటే వ్యాధి మిగిలినట్టేనని లీ పట్టుబట్టారు. ఆ మాటే నిజమైంది.

అందుకే ముత్యాల గర్భం తీయించుకున్న స్త్రీకి హెచ్‌సీజీ మామూలు స్థాయికి దిగేదాకా, ఆ తర్వాత కొన్ని నెలలూ పరీక్షలు చేస్తారు. అన్నాళ్లూ మళ్లీ గర్భం వద్దంటారు; కొత్త గర్భం వస్తే హార్మోను పెరిగి, వ్యాధి తిరగబెట్టిందో లేదో తేల్చడం కష్టమవుతుంది. ఒంట్లో బాగానే ఉందని ఈ పరీక్షలు మానుకోకూడదు. మన ఇళ్లలో, మన వీధిలో అలాంటి ఆడబిడ్డ ఉంటే, చివరి పరీక్షదాకా ఆమెకు తోడు నిలుద్దాం.