ఉలవల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే...



ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లె. అక్కడ మా రాత్రి బడికి ఒక అక్క వచ్చేది. పగలంతా పత్తి చేలో పని చేసేది. ఒకరోజు పలక పట్టుకొని కూర్చుంది. కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో పరీక్ష చేసి, రక్తం తక్కువగా ఉందన్నారు.

"ఉలవ గుగ్గిళ్లు తింటానే ఉన్నా గదా టీచరమ్మా! మరి రక్తం ఎందుకు పట్టలేదు?" అని అడిగింది.

మంచి ప్రశ్న. 2019-20లో సర్వే చేశారు. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉందని తేలింది.

రక్తం పట్టడానికి ఇనుము కావాలి. 100 గ్రాముల ఉలవల్లో సుమారు 8 మిల్లీగ్రాముల ఇనుము ఉంది. కానీ అంతా ఒంటికి పట్టదు. పది పాళ్లలో ఒక పాలు కూడా పట్టదు.

ఎందుకు? గింజల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంది. ఉలవలు, అలసందలు, పెసలు, శనగలు, అన్నిటిలో ఉంది. మన కడుపులో అది ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. జింకును కూడా పట్టుకుంటుంది. పేగులు వాటిని పీల్చుకోలేవు. అవి మలంతో బయటికి పోతాయి.

మరి ఏం చేయాలి? ఉపాయం మన వంటింట్లోనే ఉంది.

1. గింజలను రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయండి.

2. తడిగుడ్డలో మూట కట్టి మొలకెత్తించండి. మొలక వచ్చేటప్పుడు ఫైటేట్ తగ్గుతుంది. మొలకలను ఉడికించి తినండి.

3. పొయ్యి మీద నుంచి దించాక నిమ్మకాయ పిండండి. లేదంటే జామకాయ తినండి. వీటిలో సి విటమిన్ ఉంది. అది ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి సి విటమిన్ పోతుంది.

4. ఆదోని పత్తి మిల్లుకు పోయే అక్కలు పొద్దున్నే రొట్టె తింటారు. వెంటనే టీ తాగుతారు. టీ కూడా ఇనుమును పట్టనీయదు. తిండికి గంట ముందు, గంట తర్వాత టీ తాగొద్దు.

రక్తం బాగా తక్కువైతే తిండి ఒక్కటే చాలదు. ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలు కూడా మింగాలి. మాత్రను టీతో మింగొద్దు.

ఆ అక్క మాత్రలు మింగింది. ఉలవలు మొలకెత్తించి వండింది. ఇప్పుడు పత్తి చేలో కళ్లు తిరగడం లేదు.

మరి మీ ఇంట్లో ఈ రాత్రి ఏ గింజలు నానబెడతారు? వాటి పేరు పలక మీద రాయండి.