నాభిదుంప పాముకాటుకు విరుగుడు కాదు

అడవినాభి ముళ్లకంచెల మీద అల్లుకునే తీగ. వృక్షశాస్త్రంలో దాని పేరు గ్లోరియోసా సూపర్బా. తమిళంలో సెంగాందళ్ అంటారు. అది తమిళనాడు రాష్ట్ర పుష్పం, జింబాబ్వే జాతీయ పుష్పం కూడా. పడమటి కనుమల కింద రాజపాళయం, సత్రపట్టి వైపు ఆశ్వయుజ, కార్తీకాల్లో ఈశాన్య రుతుపవనం దిగితే కంచె మీద ఈ పువ్వూ, చేనుగట్టు మీద పామూ ఒకే కాలంలో కనిపిస్తాయి. అలా కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి మందు కాదు. అయినా పాము కరిస్తే నాభిదుంప అరగదీసి పట్టించాలి, కాస్త మింగించాలి అన్న మాట పల్లెల్లో ఇంకా చలామణీలోనే ఉంది.

ఆ దుంపలో ఉన్న విషం పేరు కొల్చిసిన్. అది శరీరంలో కణాల విభజనను ఆపుతుంది. పాము విషాన్ని అది పట్టదు, విరవదు, బయటికి పంపదు. నాగుపాము, కట్లపాముల విషం నరాల మీద, రక్తపింజర, చిన్నపింజరల విషం రక్తం మీద పనిచేస్తుంది. మన దేశంలో దొరికే పాముకాటు మందు యాంటీవీనం ఈ నాలుగింటి విషంతోనే తయారవుతుంది. ఆ విషంలో పెద్ద భాగాన్ని 1978లో ఏర్పడిన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం చెన్నై దగ్గర సేకరిస్తుంది. పామును పట్టి విషం పిండే ఆ మనుషుల కష్టానికి గట్టున తవ్వుకున్న దుంప సాటి వస్తుందనడానికి చాలా ధైర్యం కావాలి.

మరి దుంప మింగి బతికినవాళ్ల సంగతేమిటి? కరిచే పాముల్లో ఎక్కువ విషం లేనివే. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. అలా కాటు తిన్నవాడు మంచినీళ్లు తాగినా లేచి కూర్చుంటాడు. పేరు మాత్రం దుంపకు వస్తుంది. చనిపోయినవాడి ఖాతాలో దుంప పేరు ఎవరూ రాయరు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అందులో ఎక్కువ భారం మోసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి.

దుంప చేసే కీడు రెండు రకాలు. మొదటిది కాలయాపన. రెండోది, కాటు తిన్న మనిషికే మరో విషం ఎక్కించడం. కొల్చిసిన్ వెంటనే బయటపడదు. కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలై, మోతాదు మించితే మూత్రపిండాలు, ఎముకల మజ్జ, గుండె దెబ్బతింటాయి. బతికి బయటపడ్డవాళ్లకు వారం రెండు వారాలకు జుట్టు ఊడిపోతుంది. కొల్చిసిన్‌కు సులభంగా దొరికే విరుగుడు లేదు. ఏ లక్షణం పాముది, ఏది దుంపది అని తేల్చుకోవాల్సిన అదనపు తిప్పలు డాక్టరుకు. చేయాల్సింది చిన్న పని: కాటు పడ్డ కాలునో చేతినో కదలనివ్వకుండా మనిషిని నేరుగా ఆసుపత్రికి చేర్చడం. సత్రపట్టి మగ్గాల మీద నేసిన బ్యాండేజీ గుడ్డ చేతికి దొరికినా సరే, రక్తం ఆగేలా బిగించి కట్టకూడదు.

ఇక ఒప్పుకోక తప్పనిది ఒకటుంది. నాభిలో మందు ఉందన్నది అబద్ధం కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ గౌట్‌కు కొల్చిసిన్ మాత్రను 2009లో ఆమోదించింది, గుండెజబ్బుకు అర మిల్లీగ్రాము మాత్రను 2023లో. అర మిల్లీగ్రాము అని తూచి ఇచ్చేది మందు. బొటనవేలంత ముక్క అని కోసి ఇచ్చేది మందు కాదు. ఆయుర్వేదం కూడా దీన్ని లాంగలి పేరుతో ఉపవిషాల్లో చేర్చి, శోధన అనే శుద్ధి చేశాకే వాడమంది. ఆ షరతు మాత్రం ప్రచారంలో ఎక్కడో జారిపోయింది.

ఈ మొక్క మీద ఉన్న మిగతా నమ్మకాలకు ఒక్కో మాట చాలు. పువ్వును చూస్తే కళ్లు నొప్పి పెట్టవు. కుండీలో పెంచితే పాములు రావడం మానవు. పచ్చనివి, పసుపువి, ఎర్రవి వేరు రకాలు కావు, ఒకే పువ్వు వయసుతో రంగు మారుస్తుంది. వసనాభి వేరే మొక్క. కాన్పు సులువవుతుందని దుంప నూరి అరికాళ్లకు పూయడం మాత్రం నవ్వి వదిలేసేది కాదు, వెంటనే మానాల్సింది.

పెంచడానికి భయపడనక్కర్లేదు. తమిళనాడులోని ధారాపురం, మూలనూరు వైపు రైతులు విత్తనం కోసం దీన్ని పొలాల్లోనే వేస్తారు. నీరు నిలవని ఎర్రనేల కావాలి, నిలిస్తే దుంప కుళ్లుతుంది. నాగలిలా వంగిన దుంప కొసలోనే మొలక ఉంటుంది, కొస విరిగితే ఆ ముక్క మొలవదు. తొలకరికి నాటాలి. విత్తనం నుంచి పెంచితే పువ్వుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. ఆకు కొసే నులితీగగా మారి పట్టుకుంటుంది కనుక లావు గుంజలు పనికిరావు, సన్నని తీగలు, ఎండుకంప చాలు. కీలం పక్కకు వంగి పుప్పొడికి దూరంగా ఉంటుంది. అందుకే కాయలు బాగా పట్టాలంటే రైతులు పొద్దున పూట ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు చేత్తో అంటిస్తారు.

పూత అయ్యాక తీగ ఎండిపోతుంది. చచ్చిందనుకుని పీకకూడదు, నీళ్లూ పోయకూడదు. దుంప నేలలో నిద్రపోతుంది. ఆ చోట ఒక పుల్ల పాతి గుర్తు పెట్టాలి. లేకపోతే ఎవరో కందో, చిలగడదుంపో అనుకుని తవ్వి వంటింటికి తెస్తారు. తవ్వి తీసినప్పుడు చేతులు కడుక్కుని, పిల్లలకూ పశువులకూ అందని చోట, తినే దుంపలకు దూరంగా దాచాలి.