అమ్మకానికి లేని విత్తనం

వెదురు బుట్ట, బూడిద, వేపాకు, పైన మట్టి పూత. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పల్లెల్లో విత్తన బ్యాంకంటే ఇదే. లాకర్లు లేవు, కానీ వడ్డీ ఉంది. తీసుకున్న విత్తనానికి పంట చేతికొచ్చాక రెట్టింపు గింజలు తిరిగివ్వాలి.

ఇక్కడి మహిళా సంఘాలకు ఊతమిచ్చిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. సరిగ్గా ఆ ఏడాదే కిలో రెండు రూపాయల బియ్యం పథకమూ వచ్చింది. పేదల కడుపు నిండింది, కానీ జొన్నరొట్టె వెనకబడింది. తినేవారు తగ్గితే వేసేవారూ తగ్గుతారు. ఆపై విత్తనమే కరవవుతుంది.

ఆ ముప్పును గుర్తించింది సంఘాల్లోని మహిళలే. వారిలో అత్యధికులు చిన్న కమతాల దళితులు. పాత విత్తనాలను వెతికి తెచ్చి, దాచి, పంచారు. ఒకే చెలకలో జొన్న, కొర్ర, సామ, కంది, అనుము కలిపి విత్తారు. వాన మొహం చాటేసినా అన్నీ ఒకేసారి పోవన్నది వారి లెక్క. ఎడ్లబండ్లపై విత్తనాలను ఊరూరా ఊరేగించే పాత పంటల జాతర అలా పుట్టిందే.

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలను వరించింది. సొసైటీ సారథి పి.వి. సతీశ్ 2023లో కన్నుమూశారు. ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకున్నదీ అప్పుడే. నగరాల్లో కొర్రలిప్పుడు ఖరీదైన తిండి. వాటి విత్తనాన్ని కాపాడిన చేతులకు అందులో దక్కే వాటా ఎంతన్నదే అసలు ప్రశ్న.