పట్టుపురుగుకి గూడు కట్టే రోజు ఎలా తెలుస్తుంది?

ధర్మవరం పట్టుచీర బీరువాలోంచి తీసినప్పుడు మనం అంచు చూస్తాం, కొంగు చూస్తాం, జరీ చూస్తాం. ఆ దారం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే "పట్టుపురుగు నుంచి" అనేసి ఊరుకుంటాం. హిందూపురం, పెనుకొండ వైపు పల్లెల్లో పురుగులు మేపే ఆడవాళ్లకి అంతకంటే చాలా ఎక్కువే తెలుసు. ఆకు కోసేదీ, వేళకి మేత వేసేదీ, తట్టలు శుభ్రం చేసేదీ చాలా ఇళ్లలో వాళ్లే. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకి వెళ్లే ప్రతి మూటలోనూ వాళ్ల నిద్రలేని రాత్రులుంటాయి.

వాళ్లకి బాగా తెలిసిన విషయం ఒకటుంది. పురుగు మూడు వారాలకు పైగా ఆకు తినడం తప్ప మరో పని ఎరగదు. ఉన్నట్టుండి ఒకరోజు మేత మానేస్తుంది, తల పైకెత్తి అటూ ఇటూ ఆడిస్తుంది. చంద్రిక మీదకి చేరిస్తే రెండు మూడు రోజుల్లో గూడు కట్టేస్తుంది. దానికి ఈ పని ఎవరు నేర్పారు? ఆ రోజే మొదలుపెట్టాలని ఎవరు చెప్పారు? ఇది తెలుసుకుంటే, మేపేటప్పుడు పాటించే జాగ్రత్తల వెనక ఉన్న కారణాలూ తెలుస్తాయి.

అన్ని కణాల్లో అదే పుస్తకం

మన ఒళ్లు కణాలతో కట్టినట్టే పురుగు ఒళ్లూ కణాలతో కట్టిందే. పట్టుపురుగుకి 28 జతల క్రోమోజోములుంటాయి. వాటిలో ఉన్న డి.ఎన్.ఏ.ని ఓ పెద్ద వంటల పుస్తకం అనుకోండి. అందులో ఒక్కో వంటకం రాసిన పేజీ ఒక్కో జన్యువు. చిత్రమేమిటంటే పురుగు చర్మంలోనూ, పేగులోనూ, కాళ్లలోనూ ఉన్నది అదే పుస్తకం. పట్టు తయారుచేసే పేజీ అన్ని చోట్లా ఉంది. అయినా చర్మం పట్టు చేయదు, పేగు పట్టు చేయదు.

పురుగు పొట్టలో రెండు పక్కలా మెలికలు తిరిగిన పొడవాటి గొట్టాల్లాంటి పట్టు గ్రంథులుంటాయి. వాటి వెనక భాగంలో మాత్రమే ఫైబ్రాయిన్ అనే ప్రొటీన్ తయారవుతుంది. మనం కట్టుకునే అసలు పట్టు అదే. మధ్య భాగంలో సెరిసిన్ అనే జిగురు తయారవుతుంది. నేతకు ముందు పట్టుని ఉడకబెట్టి తీసేసేది ఈ జిగురునే. పుస్తకం ఒకటే, గ్రంథిలో పక్కపక్కనే ఉన్న కణాలు తెరిచే పేజీలు వేరు. ఉగాది పచ్చడి పేజీ ఇంట్లో ఏడాది పొడుగునా ఉన్నా, మనం ఉగాది నాడే కదా తెరుస్తాం!

మొదటి తాళం: నకలు రాసుకోవడం

కణం అసలు పుస్తకాన్ని బయటికి తీయదు. కావలసిన పేజీకి నకలు రాసుకుంటుంది. ఆ నకలు పేరు మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. పట్టు నకలుని విడిగా తీసి చూపించినవాళ్లు అమెరికాలోని కార్నెగీ సంస్థలో పనిచేసిన యోషియాకి సుజుకి, డొనాల్డ్ బ్రౌన్. అది 1972లో. అంత పట్టు చేస్తోందంటే ఆ గ్రంథిలో పట్టు జన్యువులు మాత్రం విడిగా ఎక్కువగా ఉన్నాయేమో అన్న అనుమానం ఉండేది. లెక్కపెట్టి చూస్తే అలాంటిదేమీ లేదు. మిగతా డి.ఎన్.ఏ.తో పోలిస్తే ఆ జన్యువు ఒళ్లంతా ఉన్నంతే అక్కడా ఉంది.

మరి అంత పట్టు ఎక్కడిది? వాళ్ల లెక్క ఇదీ. ఒక్కో జన్యువు నుంచి సుమారు 10 వేల నకళ్లు. ఒక్కో నకలు నుంచి సుమారు లక్ష ప్రొటీన్లు. అంటే ఒక్క పేజీ నుంచి నాలుగు రోజుల్లో దాదాపు 100 కోట్ల పట్టు ప్రొటీన్లు! ఇంకో విశేషం. గ్రంథి వెనక భాగంలో ఉండేవి 500 పైచిలుకు కణాలే. పురుగు పెరుగుతున్నా వాటి సంఖ్య పెరగదు. కణం చీలకుండా లోపలి డి.ఎన్.ఏ. మొత్తం మళ్లీ మళ్లీ రెట్టింపవుతుంది, కణం పెద్దదవుతుంది.

రెండో తాళం: జ్వరం రోజుల్లో సెలవు

పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. మేత మాని కదలకుండా పడుకునే ఆ సమయాన్ని రైతులు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం... అలా నాలుగు. ఆ సమయంలో పట్టు జన్యువు కూడా మూతపడుతుంది. కొత్త నకళ్లు రాయడం ఆగిపోతుంది, ఉన్న నకళ్లనీ కణం చెరిపేస్తుంది. జ్వరం లేచి మళ్లీ ఆకు తినగానే జన్యువు తెరుచుకుంటుంది. ఇలా మూయడం, తెరవడం పదేపదే జరుగుతుందని 1980లోనే పరిశోధనలో తేలింది. జ్వరంలో ఉన్న పురుగుని కదపకూడదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు మరి.

మూడు, నాలుగు, అయిదు...

నకలు రాశాక కూడా కణం ఊరుకోదు. సెరిసిన్ నకలుని కత్తిరించి అతికే పని ఉంది. ఒకే గుడ్డలోంచి దర్జీ వేరే వేరే కొలతల జాకెట్లు కుట్టినట్టు, ఒకే జన్యువు నకలుని వేరే వేరేగా కత్తిరించి రకరకాల సెరిసిన్లు చేస్తుంది. ఏ వయసులో ఏ రకమన్నదీ మారుతుంది.

ఆ తరవాత వంట. ఫైబ్రాయిన్లో ఎక్కువ భాగం గ్లైసిన్, అలనిన్ అనే రెండు ముడిసరుకులే. వాటిని అందించే చిన్న ఆర్.ఎన్.ఏ.లను గ్రంథి ముందే ఎక్కువగా సిద్ధం చేసుకుంటుంది. పెళ్లి వంటకి ముందురోజే కూరలు తరిగిపెట్టుకున్నట్టన్నమాట.

చివరిది వాకిట్లో తనిఖీ. ఫైబ్రాయిన్ పెద్ద గొలుసుకి చిన్న గొలుసొకటి జతపడితేనే కణం దాన్ని బయటికి పంపుతుంది. జతపడని రకం పురుగులు కొన్నున్నాయి. వాటికి పట్టు జన్యువు ఉండీ గూడు సరిగా రాదు, పల్చటి పొర మాత్రమే మిగులుతుంది.

గడియారం ఎవరి చేతిలో?

ఇన్ని తాళాలకీ వేళ చెప్పేవి హార్మోన్లు. జువెనైల్ హార్మోన్ ఒంట్లో ఉన్నంతకాలం పురుగు పొర విడిచినా మళ్లీ పురుగుగానే ఉంటుంది. అయిదో దశలో ఆ హార్మోన్ తగ్గిపోయి ఎక్డైసోన్ అనే రెండో హార్మోన్ పెరిగినప్పుడు పురుగు మేత మాని గూటికి సిద్ధమవుతుంది. ఇదే మనం వెతికిన జవాబు.

అసలు ప్రమాదమూ ఇక్కడే ఉంది. కొన్ని పురుగుమందులు జువెనైల్ హార్మోన్ లాగే నటిస్తాయి. తెల్లదోమ మీద చల్లే పైరిప్రాక్సిఫెన్ అలాంటిదే. పక్క పొలంలో చల్లిన మందు తుంపర మల్బరీ ఆకు మీద పడితే పురుగు చావదు. ఆరోగ్యంగానే కనిపిస్తుంది, తింటూనే ఉంటుంది, గూడు మాత్రం కట్టదు! ఇటలీలో 1980ల చివర ఇదే జాతి మందు ఫెనాక్సికార్బ్ వల్ల పట్టు రైతులు బాగా దెబ్బతిన్నారు. పంట మొత్తం మీద తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా అయిదో దశలోనే తింటుంది కదా, ఖర్చంతా పెట్టాక చేతికి గూడు రాకపోతే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో మీరే ఆలోచించండి.

మన ఊళ్లో జరిగిన పరిశోధన

నకళ్లను చెరిపేసే ఈ విద్యని మనుషులూ వాడుకున్నారు. ఆర్.ఎన్.ఏ. ఇంటర్ఫియరెన్స్ అనే ఈ పద్ధతిని వివరించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి వచ్చింది. పట్టుపురుగు ఒళ్లు ఉబ్బి, చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారే గ్రాసరీ జబ్బు మీకు తెలిసే ఉంటుంది. అది వైరస్ వల్ల వస్తుంది. వైరస్‌కి అవసరమైన నాలుగు జన్యువుల నకళ్లను పురుగు కణమే చెరిపేసేలా హైదరాబాద్ సి.డి.ఎఫ్.డి.లో జె. నాగరాజు బృందం పురుగులను తయారుచేసింది. ఇందులో హిందూపురం దగ్గర కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థ వాళ్లూ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలూ పాలుపంచుకున్నారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మామూలు పురుగుల కంటే ఇవి జబ్బుకి బాగా తట్టుకున్నాయి.

మనలోనూ అంతే

ఇదంతా పురుగు సంగతి అనుకోకండి. పాలలోని కేసీన్ ప్రొటీన్ జన్యువు ప్రతి ఆడపిల్ల ఒంట్లో పుట్టుకతోనే ఉంటుంది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. కానీ తల్లి కాబోయే వేళకే, రొమ్ములోని కణాల్లోనే అది పూర్తిగా తెరుచుకుంటుంది. ప్రోలాక్టిన్ హార్మోన్ ఆ నకళ్లను ఎక్కువగా రాయిస్తుంది, రాసినవి త్వరగా చెరిగిపోకుండానూ చూస్తుంది. బిడ్డ పాలు తాగిన కొద్దీ ఆ హార్మోన్ ఊరుతుంది. బాలింతకి "పాలు పట్టించమ్మా, అవే పడతాయి" అని అమ్మమ్మలు చెప్పే మాటలో నిజం ఇదే.

పురుగులు మేపే ఇళ్లలో గుర్తుంచుకోండి

* జ్వరంలో ఉన్న పురుగుకి మేత వేయొద్దు, తట్ట కదపొద్దు. పడక పొడిగా ఉండాలి. దాదాపు అన్నీ లేచాకే ఆకు వేయండి.

* చాకీ పురుగుకి 27-28 డిగ్రీల వేడి, ఎక్కువ తేమ, లేత ఆకు కావాలి. అయిదో దశలో 24-25 డిగ్రీలు చాలు. గాలి బాగా ఆడాలి.

* అయిదో దశలో ఆకు కొరత రానివ్వొద్దు. గ్రంథి నిండేది ఆ వారంలోనే.

* పక్క పొలం వాళ్లు ఏ మందు, ఏ రోజు చల్లుతున్నారో ముందే అడిగి తెలుసుకోండి. తుంపర పడిందని అనుమానం వస్తే ఆ వరసల ఆకు కోయకండి. చేతికి మందు అంటితే సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే తట్టల దగ్గరికి వెళ్లండి.

* పురుగులు మేత మానకుండా రోజులు దాటిపోతుంటే ఊరికే ఎదురుచూడొద్దు. వెంటనే పట్టు పరిశ్రమ శాఖ వాళ్లకి చూపించండి. వాడిన ఆకు కొంచెం దాచి ఉంచితే కారణం కనుక్కోవడం వాళ్లకి తేలికవుతుంది.