కుడి అద్దం మీద హెచ్చరిక

అమెరికా కార్లలో డ్రైవరు పక్కనుండే ఎడమ అద్దం సమతలంగా ఉండాలి. కుడివైపుది కుంభాకారంగా ఉండొచ్చు. అలా ఉంటే, అందులో కనిపించే బండ్లు అనుకున్నదానికన్నా దగ్గరలోనే ఉన్నాయన్న హెచ్చరిక దానిమీద రాయాలి. ఆ అక్షరాల ఎత్తు కూడా ఫెడరల్ భద్రతా ప్రమాణం నంబరు 111 తేల్చేసింది: 4.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 6.4 దాటకూడదు.

ఆ అద్దం వక్రతా వ్యాసార్థం 889, 1651 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎందుకో లెక్కేసి చూద్దాం. వ్యాసార్థం 1400 అయితే నాభ్యంతరం అందులో సగం, 70 సెంటీమీటర్లు. 14 మీటర్ల వెనక ఓ లారీ వస్తోంది. దాని ప్రతిబింబం అద్దం లోపల 67 సెంటీమీటర్ల దగ్గర, అసలు లారీలో 21వ వంతుగా ఏర్పడుతుంది. అద్దానికీ డ్రైవరు కంటికీ మధ్య మీటరు పైచిలుకు దూరం ఉంటుంది గనక, ఆ ప్రతిబింబం దాదాపు 40 మీటర్ల అవతలున్న లారీ అంతే కనిపిస్తుంది. లేన్ మారబోయేవాళ్లకు ఇది ప్రాణాల మీదికి తెచ్చే తేడా. వంపు పెంచితే పక్క లేన్లు ఇంకా కనిపిస్తాయి గానీ లారీ మరింత చిన్నదైపోతుంది. ఎడమ అద్దాన్ని సమతలంగానే ఉంచమనడం చాలా తెలివైన పని. ఒక్క అద్దమైనా దూరాన్ని ఉన్నదున్నట్టు చూపాలి కదా!

ఇవన్నీ కంపెనీలు పాటిస్తున్నాయో లేదో చూసేదెవరు? మన దేశంలో కొత్త మోడల్ అమ్మాలంటే ముందే పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల పరీక్ష నెగ్గాలి. అమెరికాలో తయారీదారే పరీక్షించుకుని, అన్నీ సరిగా ఉన్నాయని బండికి లేబుల్ అంటిస్తాడు. ఆ తర్వాత ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కొన్ని కార్లు కొని పరీక్షిస్తుంది. ప్రమాణం తప్పామని తేలితే కంపెనీ 5 పనిదినాల్లో ఆ సంస్థకు చెప్పాలి, బండ్లను ఉచితంగా సరిచెయ్యాలి.

ఏ అద్దానికీ అందని చోటు వెనక బంపరు దగ్గర. 2002లో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాబు తండ్రి రివర్స్ చేస్తున్న కారు కిందే పడి చనిపోయాడు. బండి వెనక ఏముందో డ్రైవరుకు కనిపించేలా రవాణా శాఖ నిబంధన తేవాలని 2008లో ఆ బాబు పేరిట చట్టం వచ్చింది. ఆ నిబంధన ప్రకారం బండి వెనక సుమారు 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు మేర నేల డ్రైవరుకు కనిపించాలి; రివర్స్ గేరు వేసిన 2 సెకన్లలో తెరమీద బొమ్మ రావాలి. కానీ 2011 కల్లా రావలసిన ఈ నిబంధన ఏళ్ల తరబడి వాయిదాల్లో పడింది. కెమెరా ఖర్చు లెక్కలేవీ ఆ జాప్యానికి సాకు కాలేవు. 2013లో ఆ తండ్రే మరికొందరితో కలిసి రవాణా శాఖ మీద కోర్టుకెక్కాడు. నిబంధన 2014లో వెలువడింది. కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయ్యేసరికి 2018 మే వచ్చింది.