మొదటి కెమెరా: డబ్బు బాడీ మీద పెట్టాలా, లెన్సు మీదా?

వేతన సవరణ బకాయిలు ఖాతాలో పడిన నెలలో మన శాఖల్లో భోజన విరామం కబుర్లు మారిపోతాయి. బంగారం ఇప్పుడు కొందామా, ఆగుదామా అనేవాళ్లు కొందరు. హోమ్ లోన్‌లో కొంత కట్టేద్దామనే బుద్ధిమంతులు కొందరు. ఇక మూడో రకం వాళ్లు మెల్లిగా నా సీటు దగ్గరకు వచ్చి, "సార్, మీకు ఫోటోగ్రఫీ అలవాటట కదా, ఒక మంచి డీఎస్ఎల్ఆర్ చెప్పండి" అంటారు. పదిహేనేళ్లుగా కెమెరా సంచి మోస్తున్నందుకు దక్కిన గౌరవం ఇది.

నేను వెంటనే మోడల్ పేరు చెప్పను. అప్పు కోసం వచ్చిన ఖాతాదారుణ్ని "ఎంత కావాలి?" కంటే ముందు "ఎందుకు కావాలి?" అని కదా అడుగుతాం. కెమెరా విషయంలోనూ అంతే. పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణాలు, పగటి వెలుగులో పిల్లల ఫోటోలు, ఇంతవరకే అయితే చేతిలో ఉన్న ఫోను చాలు. అరలక్ష పోసి కెమెరా కొని, దాన్ని బీరువాలో పెట్టి, మళ్లీ ఫోనుతోనే ఫోటోలు తీసుకుంటున్న ఇళ్లు నాకు చాలానే తెలుసు. ఫోనుకు నిజంగా కష్టమయ్యే సందర్భాలు ప్రధానంగా రెండు. తక్కువ వెలుగులో కదిలే మనిషి ఒకటి, దూరంగా ఉన్న పిట్టో ఆటగాడో రెండోది. వీటితో పాటు, వెలుగునూ నీడనూ మన చేత్తో అదుపు చేయడం నేర్చుకోవాలన్న కోరిక ఉంటే అదీ సరైన కారణమే.

మా శాఖలో కౌంటరులో పనిచేసే మేడమ్ ఒకరి సంగతి చెబితే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. వాళ్లమ్మాయి ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. నాలుగు నెలల్లో రంగప్రవేశం. హాలుకు, ఆర్కెస్ట్రాకు, ఆహార్యానికి అయ్యే ఖర్చు అప్పటికే కుటుంబానికి భారంగా ఉంది. అయినా అమ్మాయి తొలి ప్రదర్శనను తానే ఫోటో తీయాలన్నది మేడమ్ పట్టుదల. అందుకు విడిగా తీసి పెట్టుకున్న మొత్తం యాభై వేలు. అంతకు మించి ఒక్క రూపాయి లేదు. దుకాణంలో ఆవిడకు ఒక కాంబో చూపించారు. కొత్త బాడీ, 18-55 లెన్సు, 70-300 లెన్సు, సంచి, ట్రైపాడ్, మెమొరీ కార్డు, అన్నీ కలిపి ఆ యాభై వేలలోనే. రెండు లెన్సులు వస్తున్నాయి కదా, బేరం బాగుందనిపించింది. కొనేముందు నన్నొక మాట అడిగారు.

"మేడమ్, పాప ఎక్కడ చేస్తుంది, బయటా, హాల్లోనా?"

"హాల్లోనే సార్. సాయంత్రం ఆరు గంటలకు."

ఆ ఒక్క జవాబుతో ఆ కాంబో పనికిరాదని తేలిపోయింది. కారణం లెన్సు మీద రాసి ఉండే చిన్న అంకెలో ఉంది.

లెన్సు మీద రెండు రకాల అంకెలుంటాయి. 18-55, 50, 300 లాంటివి ఫోకల్ లెంగ్త్. ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పేవి. పెద్ద అంకె అయితే దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. రెండోది ఎఫ్ సంఖ్య: ఎఫ్/1.8, ఎఫ్/5.6 అని ఉంటుంది. లెన్సు కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఇదే. కొత్తవాళ్లను తికమక పెట్టేది ఏమిటంటే, ఇక్కడ అంకె చిన్నదైన కొద్దీ కన్ను పెద్దది. అందులో మాయేమీ లేదు, అది ఒక భాగహారం. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే తెరుచుకునే రంధ్రం వ్యాసం వస్తుంది. 50 ఎంఎం లెన్సును 1.8తో భాగించండి, దాదాపు 28 మిల్లీమీటర్లు. మనం రోజూ లెక్కపెట్టే పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు. అంటే ఆ నాణెమంత కిటికీ. కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6కే తెరుచుకుంటుంది. భాగిస్తే 10 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పది రూపాయల బిళ్లంత కిటికీలోంచి వచ్చే వెలుగుకూ, గుండీ అంత కంతలోంచి వచ్చే వెలుగుకూ ఎంత తేడా ఉంటుందో ఊహించండి. ఎఫ్ సంఖ్యలతో లెక్కకడితే తొమ్మిదిన్నర రెట్ల పైచిలుకు.

దీన్ని వేదిక మీదకు తీసుకువెళ్దాం. హాల్లో ఐఎస్ఓ 3200 పెట్టి, ఎఫ్/5.6 దగ్గర చూస్తే కెమెరా 1/30 సెకను అడిగిందనుకోండి. జతులు వేస్తున్న పాదం ఆ సెకనులో ముప్పయ్యో వంతు కాలంలో ఎంతో దూరం కదిలిపోతుంది. ఫోటోలో గజ్జెలు ఉండవు, ఒక మసక గీత ఉంటుంది. అదే వెలుగులో ఎఫ్/1.8 లెన్సు పెడితే 1/250 దాకా వెళ్లొచ్చు. అప్పుడు గజ్జె గజ్జెగానే కనిపిస్తుంది. కాంబోలో వచ్చే 70-300 అయితే దూరపు కొస దగ్గర ఎఫ్/5.6 లేదా 6.3. అది ఎండలో క్రికెట్‌కు మంచిదే గానీ, సాయంత్రం హాల్లో బరువు తప్ప ప్రయోజనం తక్కువ. లెన్సులో ఉండే వణుకు నివారణ సౌకర్యం కూడా మన చేతి వణుకునే ఆపుతుంది, నాట్యకత్తె కదలికను ఆపలేదు. దుకాణాల్లో ఈ రెండిటినీ ఒకటే అన్నట్టు చెబుతుంటారు.

కాబట్టి మేడమ్‌కు నేనిచ్చిన సలహా ఇది. బాడీ పాతది కొనండి, 18-55 దానితోనే వస్తుంది. విడిగా ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 కొనండి. బాడీకి ముప్పయి వేలు దాటనివ్వకండి. మిగిలిన దాంట్లో లెన్సు, మంచి మెమొరీ కార్డు, ఇంకో బ్యాటరీ. కొంత చేతిలో ఉంచుకోండి.

"జూమ్ లేని లెన్సు ఏం చేసుకోను సార్?" అన్నారావిడ. న్యాయమైన ప్రశ్న. ప్రైమ్ లెన్సులో జూమ్ మన కాళ్లే. అందుకే ముందుగానే కుర్చీ లెక్క చూసుకోవాలి. మొదటిసారి కొనే కెమెరాల్లో సెన్సరు సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు. పాత ఫిల్ము సైజు 36 × 24 కంటే చిన్నది, దీన్నే క్రాప్ సెన్సర్ అంటారు. దీని మీద 50 లెన్సు నికాన్‌లో 75 లాగా, క్యానన్‌లో 80 లాగా చూపిస్తుంది. నిలువు ఫ్రేములో మనిషి తల నుంచి పాదం దాకా కొంచెం ఖాళీతో పట్టాలంటే దాదాపు ఐదు మీటర్ల దూరం, అడ్డ ఫ్రేములో ఏడు మీటర్లు. అంటే వేదిక ముందు రెండు మూడు వరుసల్లో, పక్కగా ఒక కుర్చీ. తల్లికి ఆ కుర్చీ ఎలాగూ దొరుకుతుంది. వెనక కూర్చోవాల్సి వస్తే 85 ఎంఎం ఎఫ్/1.8 కావాలి. దానికి ఎనిమిది నుంచి పన్నెండు మీటర్లు సరిపోతుంది, ధర మాత్రం బాగా ఎక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను. బాడీ తరుగుదల ఉన్న ఆస్తి. డబ్బా తెరిచిన రోజు నుంచే విలువ పడిపోతుంది. నాలుగేళ్లకు దాని విలువ మన ఆఫీసు పాత కంప్యూటర్ల పుస్తక విలువ దారిలో ఉంటుంది. మంచి లెన్సు అలా కాదు. బాడీలు రెండు మూడు మారినా అది నిలుస్తుంది, అమ్మినా మర్యాదైన ధర వస్తుంది. అందుకే మొదటిసారి కొనేవాళ్లకు బాడీలో పొదుపు చేసి లెన్సులో ఖర్చు పెట్టమని చెబుతాను. 24 మెగాపిక్సెళ్ల క్యానన్ 1500డీ, 200డీ మార్క్ 2, నికాన్ డీ3500, డీ5600 వీటిలో ఏది కొన్నా ఫోటోలో తేడా చూపించమంటే నేనూ చూపించలేను. చేతిలో ఏది ఒదిగితే అది. నికాన్ డీ3500 బ్యాటరీ ఒక్కసారి నింపితే 1550 ఫోటోల దాకా వస్తుందని కంపెనీ లెక్క. పెళ్లిళ్లకు తిరిగేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

అయితే నికాన్‌లో ఒక మెలిక ఉంది. డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. అది లెన్సులోనే ఉండాలి. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని రాసి ఉండాలి. ఏఎఫ్-డీ అని రాసిన పాత 50 లెన్సు చవగ్గా దొరుకుతుంది, కానీ ఈ బాడీల మీద చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. నాట్యానికి అది కుదరని పని. మరోవైపు ఏఎఫ్-పీ లెన్సులు డీ3100, డీ3200 లాంటి మరీ పాత బాడీల మీద ఫోకస్ కావు. క్యానన్‌లో ఈ గొడవ లేదు. 1987లో ఈఎఫ్ మౌంట్ వచ్చినప్పటి నుంచి మోటారు లెన్సులోనే. అక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఈఎఫ్-ఎస్ అని రాసిన లెన్సు క్రాప్ బాడీలకే, ఈఎఫ్ లెన్సు రెండిటికీ.

"డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయిందట కదా?" అని కుర్రాళ్లు అడుగుతున్నారు. కొంతవరకు నిజమే. 2020 తర్వాత క్యానన్, నికాన్ రెండూ కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ తేలేదు, వాటి దృష్టంతా మిర్రర్‌లెస్ మీదే. చేతిలో లక్ష ఉంటే నేనూ మిర్రర్‌లెసే కొనమంటాను. యాభై వేలలో నేర్చుకోవాలంటే మాత్రం ఈ మార్పు మనకు లాభమే. అందరూ పాతవి అమ్ముకుంటున్నారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచి సరుకు అందుబాటు ధరలో ఉంది. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా క్యానన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టరు మీద చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులు కూడా అంతే. ఏఎఫ్-డీకి మళ్లీ అదే తలనొప్పి. ఏ దారిలో వెళ్లినా కెమెరా కోసం పర్సనల్ లోన్ మాత్రం వద్దు. ఆ మాట బ్యాంకు ఉద్యోగిగా నేను అనకూడదేమో, అయినా అంటున్నాను.

మేడమ్‌లాగా స్పష్టమైన అవసరం లేనివాళ్లు రెండో లెన్సును తొలిరోజే కొనకూడదని నా గట్టి అభిప్రాయం. కిట్ లెన్సుతో మూడు నెలలు తీయండి. ప్రతి ఫోటో ఫైలులోనూ ఏ ఫోకల్ లెంగ్త్‌లో, ఏ ఎఫ్ సంఖ్యతో, ఎంత వేగంతో తీశారో నమోదై ఉంటుంది. అది మీ ఖాతా స్టేట్‌మెంటు. మీకు బాగా నచ్చిన యాభై ఫోటోలు ఏరి ఆ అంకెలు చూడండి. ఎక్కువ భాగం 18 దగ్గరే ఉంటే మీకు కావాల్సింది ఇంకా వెడల్పు లెన్సు. అన్నీ 55 దగ్గర ఆగి, ఇంకా దగ్గరకు వెళ్లాలనిపించి ఉంటే క్యానన్ 55-250, నికాన్ ఏఎఫ్-పీ 70-300 లాంటివి. ఆటపాకలో గూడబాతులు, నేలపట్టు పక్షులు వీటితో మొదలుపెట్టొచ్చు. రెండు కిలోలు దాటే నికాన్ 200-500 జోలికి ఇప్పుడే వెళ్లకండి, మెడ తర్వాత మాట వినదు. ఇంట్లో రాత్రి పూట ఫోటోలే ఎక్కువైతే నికాన్‌కు 35 ఎఫ్/1.8, క్యానన్‌కు 24 ఎఫ్/2.8. మన అపార్ట్‌మెంట్ హాళ్లలో 50 పెడితే వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకోవాల్సిందే.

పాతది కొనేటప్పుడు బిల్లు అడగండి, బాడీ మీది సీరియల్ నంబరుతో సరిచూడండి. తనఖా పత్రాలు చూసే కళ్లు మనవి, ఇది మనకు కష్టం కాదు. లెన్సు రెండు మూతలూ తీసి ఒకవైపు నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేసి వచ్చేయండి. ధర ఎంత తగ్గించినా సరే. ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీస్తే సెన్సరు మీది దుమ్ము నల్ల చుక్కల్లా కనిపిస్తుంది. అది శుభ్రం చేయిస్తే పోతుంది, భయం లేదు. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ ఫోటో ఫైలులోనే ఉంటుంది. క్యానన్‌లో సాధారణంగా ఫైలులో కనిపించదు, సర్వీసు సెంటరులో చూపించుకోవడం మేలు. ఈ తరగతి బాడీలకు లక్ష దగ్గర పడిందంటే ఆలోచించాలి, ఇరవై ముప్పయి వేలయితే బాగా వాడదగ్గ సరుకే.

మేడమ్ రిహార్సళ్ల నుంచే తీయడం మొదలుపెట్టారు. ఆవిడకు నేను రాసిచ్చిన చీటీలో నాలుగే మాటలు: ఎఫ్/2 దగ్గర ఉంచండి, వేగం 1/250కు తగ్గనివ్వద్దు, ఫ్లాష్ వద్దు, వెనక తెర నల్లగా ఉంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి. నల్ల తెరను చూసి కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, అప్పుడు పాప ముఖం తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తుంది. మొదటి వారం వంద తీస్తే ఆరు బాగొచ్చాయి. మూడో నెలలో వందకు ముప్పయి. రంగప్రవేశం నాటి తరంగం ఫోటో ఒకటి, పళ్లెం అంచు మీద పాదాలు, ఇప్పుడు వాళ్లింటి హాల్లో గోడ మీద ఉంది.

భద్రపరచడం గురించి ఒక్క మాట. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే తేమకు ఫంగస్ పట్టేస్తుంది. బట్టల మధ్య వేసే కలరా ఉండలు, కర్పూరం వాసన తగిలే చోట అసలు పెట్టకండి, కంపెనీ వాళ్ల మాన్యువల్‌లోనే ఆ హెచ్చరిక ఉంటుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే రకం సిలికా జెల్ చాలు. నీలంగా ఉన్న గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చేశాయని అర్థం. మూకుడులో సన్నని సెగ మీద వేడి చేసి, మళ్లీ నీలం రంగు వచ్చాక చల్లార్చి డబ్బాలో పోయండి. ఆ మూకుడు మాత్రం మళ్లీ వంటకు వాడకండి.