కార్డు మీద ఒక నంబరు, కంప్యూటరులో ఇంకొక నంబరు



మన ఆసుపత్రికి వచ్చిన ప్రతివారిని మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మీ కార్డు తెచ్చారా అండి? నంబరు ఎంత?" జ్వరముతో వణుకుతూ వచ్చినవారికి ఈ ప్రశ్న విసుగు తెప్పిస్తుందని మాకు తెలుసు. "ముందు డాక్టరుగారికి చూపించండి, నంబరు సంగతి తరువాత చూద్దాము" అని కొందరు కోప్పడతారు కూడా. రికార్డుల గదిలో పనిచేసే మేము సాధారణముగా మీకు కనబడము. కానీ ఆ నాలుగైదు అంకెల వెనుక ఏముందో ఈ నెల మీతో చెప్పుకోవాలని అనుకున్నాము. దానికి కారణమైన సంగతి ముందుగా చెబుతాము.

ఖాళీగా ఉన్న ఒక గడి

పోయిన సంవత్సరము ఒక రాత్రి తొలి కాన్పు కోసము ఒక అమ్మాయిని తీసుకొని వచ్చారు. ఆచారము ప్రకారము పుట్టింటివారే తెచ్చారు. ఆమె తల్లి ట్రంకు పెట్టెలో జాగ్రత్తగా దాచిన పాత కార్డు ఇచ్చింది. అది ఆ అమ్మాయి బడికి వెళ్ళే రోజులలో టైఫాయిడు వచ్చినప్పుడు చేయించిన కార్డు. దాని మీద పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆ నంబరు మీదనే వార్డులో ఫైలు తెరిచారు.

అయితే గర్భిణిగా ఉన్న నెలలలో ఆమె అత్తవారింటి నుండి మన ఆసుపత్రికే పరీక్షలకు వచ్చేది. అప్పుడు భర్త ఇంటిపేరుతో కొత్త కార్డు చేశారు. ఒకే మనిషికి రెండు కార్డులు, రెండు నంబర్లు ఉన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చేరిన రాత్రి తీసిన రక్తము ల్యాబుకు వెళ్ళింది. ల్యాబులో పేరు, ఫోను నంబరు కొట్టగానే కంప్యూటరు కొత్త కార్డును చూపింది. రిపోర్టు అందులో చేరింది. వార్డులో ఉన్న ఫైలులో మాత్రము రక్తము గ్రూపు గడి ఖాళీగానే ఉండిపోయింది.

కాన్పు సుఖముగా జరిగింది. రెండవ రోజు సిస్టరుగారు ఫైలు తిరగవేస్తూ ఆ ఖాళీ గడిని చూశారు.

"అమ్మా, నీ రక్తము గ్రూపు ఏదో తెలుసా?"

"తెలియదు సిస్టరుగారూ. కార్డులో రాసి ఉంటుందేమో."

ల్యాబుకు ఫోను చేస్తే "రిపోర్టు మొన్ననే ఎక్కించాము" అన్నారు. వార్డులో "మాకు రాలేదు" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. సిస్టరుగారు అంతటితో వదలక మా గదికి కబురు చేశారు. వెదకగా రెండవ నంబరు క్రింద రిపోర్టు దొరికింది. తల్లి ఆర్‌.హెచ్‌. నెగెటివ్. బిడ్డ ఆర్‌.హెచ్‌. పాజిటివ్.

ఇటువంటి తల్లికి ప్రసవమైన 72 గంటలలోపు యాంటీ-డి అనే ఇంజెక్షను ఇవ్వాలి. ఇవ్వకపోతే బిడ్డ రక్తకణములకు వ్యతిరేకముగా తల్లి శరీరములో పదార్థములు తయారు కావచ్చును. ఈ బిడ్డకు అపాయము లేకపోయినా, తరువాతి గర్భములో ఆర్‌.హెచ్‌. పాజిటివ్ బిడ్డ ఉంటే దాని రక్తకణములు దెబ్బతిని ప్రాణము మీదికి రావచ్చును. దేవుని కృపను బట్టి ఇంకా సమయము ఉండగానే సంగతి బయటపడింది. ఇంజెక్షను ఇచ్చారు. తల్లీబిడ్డలు క్షేమముగా ఇంటికి వెళ్ళారు.

ఆ రోజు సాయంకాలము మేము చాలాసేపు మౌనముగా కూర్చున్నాము. తప్పు ఒక్కరిది కాదు. కార్డు ఇచ్చే కౌంటరులో మేము "ఇంతకు ముందు ఏ పేరుతోనైనా వచ్చారా?" అని అడగలేదు. అదే మొదటి తప్పు.

నంబర్లు ఎందుకు కలవవు?

ఆ మరుసటి వారము నుండి పాత రికార్డులన్నీ సరిచూడటము మొదలుపెట్టాము. దొరికిన కారణములు ఇవి.

మొదటిది పేరు. మనలో చాలామందికి ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బాప్తిస్మపు పేరు ఒకటి, రేషను కార్డులో పేరు ఇంకొకటి. పెండ్లి అయితే ఇంటిపేరు మారుతుంది. ఒకే ఊరిలో ముగ్గురు మరియమ్మలు ఉంటారు. ఒకే మరియమ్మను ఒకరు "మేరమ్మ" అని, మరొకరు "మేరీ" అని రాస్తారు.

రెండవది పోయిన కార్డు. కార్డు పోయిందని చెప్పడానికి మొహమాటపడి "కొత్తగా వచ్చాము" అంటారు. కొత్త నంబరు పుడుతుంది. పాత మందులు, పాత ఎక్స్‌రేలు పాత నంబరు దగ్గరే ఉండిపోతాయి.

మూడవది అన్నిటికంటె అపాయకరమైనది. అన్న కార్డు మీద తమ్ముడిని చూపించడము. కార్డు డబ్బులు మిగులుతాయని కొందరు ఇలా చేస్తారు. చిన్నపిల్లలకు మందు మోతాదు బరువును బట్టి ఇస్తారు. ఎనిమిదేండ్ల అన్న బరువు చూసి మూడేండ్ల తమ్ముడికి మందు రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. అన్నకు పెనిసిలిన్ పడదని కార్డులో రాసి ఉంటే, ఆ మాట ఎవరిదో తరువాత ఎవరు చెప్పగలరు?

నాలుగవది అంకెలు తారుమారు కావడము. 4512 అని చెబితే 4152 అని కొట్టడము, చేతివ్రాతలో 1 ని 7 గా చదవడము.

ఐదవది మా కంప్యూటరు పని. గ్రామములలో వైద్య శిబిరములు జరిగినప్పుడు పేర్లు ఎక్సెల్ పట్టికలో ఎక్కించేవారము. ఒకసారి పేర్ల వరుసను మాత్రమే అక్షరక్రమములో పెట్టారు. పేర్లు కదిలాయి, ప్రక్కనున్న నంబర్లు కదలలేదు. ఒకరి నంబరు మరొకరి పేరు ప్రక్కకు వచ్చింది. "ప్రక్క వరుసలను కూడా కలపమంటారా?" అని కంప్యూటరు అడిగింది, తొందరలో వద్దని నొక్కారు. ఇంకొకసారి 00731 అని కొడితే ముందున్న సున్నాలు పోయి 731 గా మిగిలింది. ఆ పట్టికను పెద్ద కంప్యూటరులో కలిపితే రెండూ వేరు వేరు నంబర్లని అది తలచింది. ఆ వరుసను అంకెలుగా కాక అక్షరములుగా ఉంచమని ముందే చెప్పి ఉంటే సున్నాలు పోయేవి కావు.

వరుస నంబరు వేరు, కార్డు నంబరు వేరు

మాలో కొత్తగా చేరినవారిని తికమక పెట్టిన సంగతి ఒకటి ఉంది. తెర మీద క్రింద "ఇది 4390వ రికార్డు" అని కనబడుతుంది, కార్డు నంబరు మాత్రము 4512 అని ఉంటుంది. "మధ్యలో 122 మంది రికార్డులు పోయాయి" అని ఒక తమ్ముడు కంగారుపడ్డాడు.

నిజానికి ఏమీ పోలేదు. కొత్త కార్డు మొదలుపెట్టి మధ్యలో మానివేస్తే ఆ నంబరును కంప్యూటరు మరల ఎవరికీ ఇవ్వదు. అందువలన మధ్యలో ఖాళీలు ఉంటాయి. తెర మీద కనబడే వరుస నంబరు అప్పటికి ఆ పట్టికలో ఎన్నవ స్థానమో చెబుతుంది, అంతే. ఆదివారము ఆరాధనలో ఈ వారము మూడవ బెంచీ మీద కూర్చున్నవారు వచ్చే వారము ఐదవ బెంచీ మీద కూర్చోవచ్చు. బెంచీ మారినంత మాత్రాన మనిషి మారడు గదా! వరుస నంబరు బెంచీ వంటిది. కార్డు నంబరు మనిషికి చెందినది. ఖాళీలను పూడ్చాలని నంబర్లను మరల 1 నుండి వరుసగా వేస్తే, ప్రజల చేతులలో ఉన్న కార్డులన్నీ ఒక్క రోజులో తప్పుడు కార్డులైపోతాయి. ఆ పని ఎన్నడూ చేయకూడదు.

మేము ఎలా సరిచేశాము?

నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిందని కాపరికి ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు గనుక తెలిసింది. మేమును అక్కడనే మొదలుపెట్టాము.

ముందుగా కంప్యూటరులోని మొత్తము సమాచారమునకు నకలు తీసి వేరుగా భద్రపరిచాము. సరిచేయబోయి పాడుచేస్తే వెనుకకు వెళ్ళడానికి దారి ఉండాలి. తరువాత మూడు లెక్కలు తీశాము: కార్డులు ఇచ్చిన రిజిస్టరులో పేర్లు ఎన్ని, కంప్యూటరులో పేర్లు ఎన్ని, అలమరలలో ఫైళ్ళు ఎన్ని. మూడూ కలవలేదు. తేడా ఎక్కడ మొదలైందో నెలవారీగా చూస్తే, శిబిరముల పట్టికలు కలిపిన నెలలలోనే ఎక్కువగా కనబడింది.

ఆ పిమ్మట ఒకే ఫోను నంబరు, ఒకే ఊరు, దగ్గర వయస్సు ఉన్న పేర్లను జతలుగా తీశాము. పేరు కలిసింది గదా అని ఏ జతనూ ఒకటిగా చేయలేదు. పుట్టిన తేదీని కూడా పూర్తిగా నమ్మలేదు. పుట్టిన సంవత్సరము మాత్రమే తెలిసిన పెద్దలకు ఆధార్‌లో జనవరి 1 అని ఉండటము మామూలే. తండ్రి లేక భర్త పేరు, ఊరు, పాత జబ్బులు, కాగితపు ఫైలు అన్నీ చూచి, ఇద్దరము వేరు వేరుగా సరేనన్న తరువాతనే కలిపాము. సందేహము ఉన్నవాటిని మీరు మరల వచ్చే వరకు అట్లే ఉంచాము.

కలిపినప్పుడు కూడా పాత నంబరును చెరిపివేయలేదు. పాత నంబరు కొడితే సరియైన నంబరుకు దారి చూపేటట్లు పెట్టాము. దానిని ఇంకెవరికీ ఇవ్వము. ఇద్దరు మనుష్యుల వివరములు ఒకే ఫైలులో కలిసిపోయిన చోట మేము చేయి పెట్టలేదు. ఏ మాట ఎవరిదో డాక్టరుగారే చూచి విడదీశారు.

చివరి అంకె చేసే కాపలా

ఇప్పుడు కొత్త కార్డులలో చివర ఒక అంకె ఎక్కువగా ఉండటము మీరు గమనించి ఉంటారు. అది సరిచూచే అంకె. 4512 తీసుకోండి. కుడి నుండి ఒక్కొక్క అంకెను 2, 3, 4, 5 లతో గుణించాలి: 4, 3, 20, 20. మొత్తము 47. దానిని 11తో భాగిస్తే శేషము 3. 11 నుండి 3 తీస్తే 8. కనుక కార్డు నంబరు 45128. శేషము సున్నా అయితే చివర సున్నాయే వేస్తాము. జవాబు 10 వస్తే ఆ నంబరును ఎవరికీ ఇవ్వము. ఎవరైనా పొరపాటున 41528 అని కొడితే, 4152కు రావలసిన చివరి అంకె 1 గనుక కంప్యూటరు వెంటనే ఒప్పుకోదు.

ఇది మేము కనిపెట్టినది కాదు. మీ ఆధార్ సంఖ్యలోని 12 అంకెలలో చివరిది కూడా ఇటువంటిదే. దానిని లెక్కగట్టే పద్ధతిని వెర్హోఫ్ అనే డచ్చి గణిత శాస్త్రజ్ఞుడు 1969లో ప్రచురించాడు.

అయినా ఏ అంకె కూడా మనిషికి సాటి కాదు. ఇతరుల కార్డు తెచ్చి చూపితే ఆ నంబరు సరియైనదే, మనిషి మాత్రము వేరు. అందుకే రోగిని గుర్తించడానికి కనీసము రెండు గుర్తులు అడగాలని, గది నంబరును గుర్తుగా తీసుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన రోగి భద్రతా సూచనలలో చెప్పారు. మా సిస్టర్లు ఇంజెక్షను ఇచ్చే ముందు "నీ పేరేమిటమ్మా? మీ నాన్నగారి పేరేమిటి?" అని మరల అడిగితే మిమ్మును మరచిపోయారని అనుకోవద్దు.

మీరు చేయవలసినవి

ఇంట్లో ప్రతి ఒక్కరికి, పసిబిడ్డకైనా, వేరుగా కార్డు చేయించండి. కవలలైతే మరింత జాగ్రత్త.

కార్డు పోతే పోయిందనే చెప్పండి. మేము కోప్పడము. పాత నంబరు వెదకి అదే ఇస్తాము.

పెండ్లికి ముందు గాని, వేరే పేరుతో గాని మన ఆసుపత్రికి వచ్చి ఉంటే కౌంటరులో ఆ మాట చెప్పండి. రెండు కార్డులు ఉంటే రెండూ తెండి. దేనినీ పారవేయవద్దు.

ఫోను నంబరు మారితే చెప్పండి.

రక్తము గ్రూపు, పడని మందులు కార్డు వెనుక రాయించుకొనండి. గర్భిణీ స్త్రీలు తమ గ్రూపును నోటికి నేర్చుకొనండి.

రిపోర్టు చేతికి రాగానే పేరు, వయస్సు, నంబరు చదవండి. చదువు రానివారు ఎవరిచేతనైనా చదివించుకొనండి. తేడా ఉంటే అక్కడికక్కడే అడగండి.

ఆధార్ సంఖ్య వేరు, 14 అంకెల ఆభా సంఖ్య వేరు, మన కార్డు నంబరు వేరు. ఒకదాని బదులు మరొకటి చెప్పవద్దు. ఆభా తీసుకోవడము మీ ఇష్టము. అది లేదని వైద్యము ఆగదు.

మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని మనము ఆదివారము వింటాము. మాకు అంత జ్ఞాపకశక్తి లేదు గనుక నంబర్లు వాడుతున్నాము. ఆ నంబరు మిమ్మునే చూపాలి, ప్రక్కవారిని కాదు.

ఆ అమ్మాయి ఆరవ వారము టీకా కోసము బిడ్డను ఎత్తుకొని వచ్చింది. అమ్మమ్మ కూడా వచ్చి, రెండు కార్డులను దారముతో కట్టి మా బల్ల మీద పెట్టింది. "ఇందులో ఏది ఉంచుకోమంటారు బాబూ?" అని అడిగింది. రెండింటి మీద ఒకే నంబరు రాసి ఇచ్చాము. బిడ్డకు మాత్రము కొత్త కార్డు చేశాము, తన పేరు మీద, తన నంబరుతో.

మీ సేవలో,
రికార్డుల విభాగము